జీడీ (గ్రూప్ డిస్కషన్), ఇంటర్వ్యూ ముందు బిడియస్తులకు జాగ్రత్తలు

ఒంగోలు, నెల్లూరు వైపు ప్లేస్‌మెంట్లు దగ్గరపడితే నలుగురిలో మాట పెగలనివాళ్లు ఇవి చూసుకోండి.

• గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పకపోవడమే అన్నిటికంటే పెద్ద నష్టం. మాట్లాడని మనిషికి మార్కులెలా వేస్తారు? మొదట్లోనే ఒక్క వాక్యం అనేయండి. ఆలస్యమయ్యేకొద్దీ గొంతు ఇంకా బిగుసుకుంటుంది. కొత్త పాయింటే కానక్కర్లేదు, "ఆయన చెప్పినదానికి ఒకటి కలుపుతాను" అన్నా చాలు.

• "మీ గురించి చెప్పండి"కి జవాబు బట్టీ పట్టొద్దు. ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి. అద్దం ముందు ప్రాక్టీస్ నాకు నచ్చదు, అది ఎదురు ప్రశ్న వేయదుగా!

• సొంతూరి గురించి అడగొచ్చు. చీమకుర్తి అయితే గ్రానైట్, ఉదయగిరి అయితే చెక్క గరిటెలు. తెలిసిన విషయమైతే వణుకు తగ్గుతుంది.

• బస్సు దిగి పరుగున వెళ్లొద్దు. ఆయాసాన్ని టెన్షన్ అనుకుంటారు.