మెల్‌బోర్న్ వెస్ట్‌కి కొత్తగా వచ్చారా? వియత్నాం, థాయ్, మలేషియా వంట ఎక్కడ, ఎలా ఎంచుకోవాలి

టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీ వైపు ఇల్లు తీసుకున్న మనవాళ్లు మొదటి నెలలోనే ఇండియన్ గ్రోసరీ, బిర్యానీ దొరికే చోటు, గుడి కనుక్కుంటారు. ఫుట్‌స్క్రే స్టేషన్‌లో మాత్రం చాలామంది దిగరు. వెరిబీ లైన్ రైళ్లూ, టార్నీట్ నుంచి వచ్చేవీ సిటీకి వెళ్తూ ఆగే స్టేషనే అది. ఒక శనివారం పొద్దున్నే అక్కడ దిగి హాప్కిన్స్ స్ట్రీట్ వైపు నడవండి. ఆగ్నేయాసియా భోజనంతో పరిచయం మొదలుపెట్టడానికి వెస్ట్‌లో అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమయ్యాక శరణార్థులుగా వచ్చిన వియత్నాం కుటుంబాలు చాలావరకు మారిబిర్నాంగ్, స్ప్రింగ్‌వేల్ వలస హాస్టళ్లలో దిగాయి. తర్వాత ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డాయి. ఫుట్‌స్క్రే, సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్, అటు స్ప్రింగ్‌వేల్ బజార్లు అలా పెరిగినవే. వాళ్లలో ఎక్కువమంది దక్షిణ వియత్నాం వాళ్లు కాబట్టి ఇక్కడి ‘ఫో’ కూడా దక్షిణాది పద్ధతిలోనే ఉంటుంది. నూడుల్స్ సూప్ గిన్నెతో పాటు పెసర మొలకలు, థాయ్ బేసిల్, నిమ్మముక్క, మిరపకాయలు విడిగా ప్లేటులో ఇస్తారు. ఉత్తరాదిలోని హనోయి పద్ధతిలో ఇంత ఆకుకూర ఉండదు, రుచి కూడా నెమ్మదిగా ఉంటుంది. కాబట్టి ఆకుల ప్లేటు రాకపోతే నకిలీ అనుకోకండి. ఏ ప్రాంతం వంట అని అడగండి. ఆ ప్రశ్నకి సంతోషంగా జవాబు చెప్పే హోటల్‌ని నేను సగం నమ్మేస్తాను.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది కారం దగ్గర. కారం తగల్లేదంటే తెల్లవాళ్ల కోసం చప్పగా చేశారని అనేస్తాం. వియత్నాం వంటలో చాలావరకు అసలు కారంగా ఉండదు. పులుపు, ఉప్పు, తీపి, పచ్చి ఆకుల వాసన కలిసి రావాలి. ఫో వచ్చిన వెంటనే సాసులు పోసేయకుండా ముందు ఉత్త సూప్ రెండు చెంచాలు తాగండి. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు మన వంటింట్లోవే. కానీ ఇక్కడ వాటిని నూరకుండా ఎముకలతో, మాడేలా కాల్చిన ఉల్లి, అల్లంతో గంటలకొద్దీ మరిగిస్తారు. సూప్ తేటగా ఉండి, మింగాక కూడా రుచి నిలవాలి. అజినొమోటో వేశారని మాత్రం తీసిపారేయకండి, సైగాన్‌లోనూ వేస్తారు. కారమే కావాలంటే నిమ్మగడ్డి ఘాటుతో ఉండే హ్యూ పట్టణం నూడుల్స్ ‘బున్ బో హ్యూ’ అడగండి. అందులో రొయ్యల పేస్టు, గొడ్డు మాంసం, పంది మాంసం ఉంటాయి, కొన్నిచోట్ల పంది రక్తపు ముక్కలూ వేస్తారు.

మెనూలో కొన్ని మాటలు గుర్తుపెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ‘బో’ అంటే గొడ్డు మాంసం, ‘హెయో’ పంది, ‘గా’ కోడి, ‘తోమ్’ రొయ్య, ‘చాయ్’ శాకాహారం. శాకాహారులు కూరగాయల వంటకం కనిపించగానే ఆర్డర్ ఇవ్వకండి, చేపల సాస్ చాలావాటిలో కనపడకుండా ఉంటుంది. ‘చాయ్’ అని బోర్డు ఉన్న హోటళ్లకే వెళ్లండి. వియత్నాం బౌద్ధులు చాలామంది అమావాస్యకీ పౌర్ణమికీ మాంసం ముట్టరు. ఈ వంట వాళ్లకి కూడా అవసరమైనదే కనుక శ్రద్ధగా చేస్తారు.

థాయ్ హోటళ్ల సంగతి వేరు. ఎక్కడ చూసినా ఒకే మెనూ ఉంటుంది: ఆకుపచ్చ కూర, ఎర్ర కూర, పాడ్ థాయ్. వేయించిన నూడుల్స్ అయిన పాడ్ థాయ్‌లో పులుపు చింతపండుది కావాలి, టొమాటో కెచప్‌ది కాదు. ఇంకో పరీక్ష మనకి బాగా తెలిసినదే. మాంసాన్ని ఆకుతో వేయించే ‘పాడ్ క్రపావ్’లో వేయాల్సిన ఆకు మన తులసి జాతిదే. విదేశాల్లో అది దొరకడం కష్టమై చాలామంది థాయ్ బేసిల్ వేసేస్తారు. ప్లేటు ముందుకు రాగానే లవంగపు ఘాటుతో తులసి వాసన తగిలితే ఆ వంటవాళ్లు ఆకు కోసం కష్టపడ్డారన్నమాట, అక్కడికి మళ్లీ వెళ్లొచ్చు. థాయ్ ప్రభుత్వం విదేశీ హోటళ్లకి ఇచ్చే ‘థాయ్ సెలెక్ట్’ గుర్తు గోడమీద ఉంటే మంచిదే. అది లేనంత మాత్రాన వదిలేయాల్సిన పనిలేదు. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఇసాన్ ప్రాంతపు వంటకాలు, వేయించిన బియ్యప్పొడి చల్లిన మాంసపు సలాడ్ ‘లాబ్’ లాంటివి, మెనూలో ఉన్నాయేమో చూడండి.

మలేషియన్ హోటల్లో ఉత్తినే లక్సా (నూడుల్స్ సూప్) అంటే సాధారణంగా కొబ్బరిపాల లక్సా ఇస్తారు. చేపల పులుసు ఇష్టమైతే పెనాంగ్ వాళ్ల ‘అసం లక్సా’ అడగండి. చింతపండు, చేప వేసి పుల్లగా చేస్తారు, కొబ్బరిపాలు ఉండవు. నాసి లెమాక్‌లో అన్నానికే కొబ్బరిపాల, పాండన్ అనే సువాసన ఆకు వాసన ఉండాలి. తెల్లన్నం పక్కన సంబల్ (మిరప పచ్చడి) పెట్టి అదే నాసి లెమాక్ అంటే నేను ఒప్పుకోను.

ఇంట్లో వండాలనుకుంటే ఫుట్‌స్క్రేలోనే సరుకులు దొరుకుతాయి. చేపల సాస్ సీసా వెనక చదవండి, ముఖ్యంగా చేప, ఉప్పు మాత్రమే ఉంటే మంచిది. 40 N లాంటి అంకె కనిపిస్తే అది నైట్రోజన్ కొలత, ఎక్కువైతే రుచి చిక్కన. థాయ్ కూర పేస్టుల్లో చాలావాటిలో రొయ్యల పేస్టు ఉంటుంది. ఆస్ట్రేలియాలో అలర్జీ పదార్థాలు లేబుల్ మీద ఇంగ్లిష్‌లో బోల్డ్ అక్షరాలతో వేయాలి కాబట్టి, శాకాహారులు ‘కంటైన్స్’ అన్న వరుసలో ఫిష్, క్రస్టేషియన్ (రొయ్య, పీత జాతి), మొలస్క్ (ఆల్చిప్ప జాతి) ఉన్నాయేమో చూసుకోవచ్చు. మాంసం ఆ వరుసలో రాదు కాబట్టి పదార్థాల జాబితా కూడా చదవండి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం ‘తెత్’ వస్తుంది. అప్పుడు ఫుట్‌స్క్రే బజారుకి తప్పకుండా వెళ్లండి. అరటాకులో చుట్టి ఉడికించిన జిగురుబియ్యం, పెసరపప్పుల ‘బాన్ తెత్’ అమ్ముతారు. లోపల సాధారణంగా పంది మాంసం ఉంటుంది, వద్దనుకునేవాళ్లు ‘చాయ్’ రకం అడిగి తీసుకోండి.