ఫీజు కట్టకముందే ఆన్‌లైన్ డిగ్రీ విలువ తేల్చుకోవడం ఎలా

ఆన్‌లైన్ డిగ్రీ చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. అనుమతితో నడిచే ఆన్‌లైన్, డిస్టెన్స్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ (యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ) 2020 నిబంధనల్లోనే ఉంది. 2022 సెప్టెంబరులో అదే మాట మళ్లీ నోటీసుగా ఇచ్చింది. చిక్కంతా ఆ అనుమతి దగ్గరే.

నాక్ గ్రేడు (కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) చూసి చేరిపోతుంటారు చాలామంది. కానీ అనుమతి యూనివర్సిటీకి గంపగుత్తగా రాదు. ఏ కోర్సుకు, ఏ పద్ధతిలో, ఏ సెషన్‌కు అన్నది విడివిడిగా ఇస్తారు. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్లో మీరు చేరబోయే సెషన్ జాబితా తెరిచి, కోర్సు పేరు అక్షరం అక్షరం పోల్చుకోండి. డిస్టెన్స్ జాబితాలో ఉన్న కోర్సు ఆన్‌లైన్ జాబితాలో లేకపోవచ్చు. నిరుటి జాబితా ఈ ఏడాదికి పనికిరాదు. ఆ పేజీని తేదీ కనబడేలా ప్రింటు తీసి దాచుకోండి. ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో అక్కరకొస్తుంది.

ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా, ఆర్కిటెక్చర్ వంటివి ఈ పద్ధతిలో అసలు ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కూడా అంతే. 'ఆన్‌లైన్ బీటెక్' అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ఆపేయండి. అనుమతి లేకుండా డిస్టెన్స్‌లో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు వేటు వేసింది. వాటితో అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డారు.

జాబితాలో కోర్సు ఉందని తేలాక డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దాంతో డెబ్ ఐడీ (డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో ఇచ్చే నంబరు) చేసుకోవాలి. ఇక్కడ తరచూ తగిలే దెబ్బ పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ముందు ఆధార్ సరిచేయించుకుని తర్వాతే ఐడీ తీయండి. ఈ పని మీ ఫోన్‌తో మీరే చేయండి, కన్సల్టెన్సీ వాళ్లకు ఓటీపీ చెప్పొద్దు. ఫ్రాంచైజీ సెంటర్లకు అనుమతే లేదు కాబట్టి ఫీజు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే వెళ్లాలి.

ఇక డబ్బు లెక్క. ఆన్‌లైన్ చవక అన్నది అందరి విషయంలో నిజం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ డిస్టెన్స్, కరస్పాండెన్స్ చదువులకు వర్తించదు. అర్హత ఉన్న ఇంటి పిల్లలకు దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీయే తక్కువ ఖర్చులో అయిపోవచ్చు.

సమయం లెక్క ఇంకా ముఖ్యం. ఒక క్రెడిట్‌కు (కోర్సు బరువును కొలిచే యూనిట్) సుమారు 30 గంటల చదువు అనుకుంటే, 20 క్రెడిట్ల సెమిస్టర్‌కు 600 గంటలు. ఇరవై వారాల మీద పంచితే వారానికి 30 గంటలు! 'రోజుకో అరగంట చాలు' అని సేల్స్ కాల్‌లో చెప్పేది ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు మొదటి సెమిస్టర్లోనే వెనకబడేది ఇందుకే.

సమానత్వం కాగితం మీద ఉన్నా, ప్రైవేటు కంపెనీ తన షరతులు తాను పెట్టుకుంటుంది. ఫ్రెషర్ల ప్రకటనల్లో 'ఫుల్‌టైమ్ కోర్సు మాత్రమే' అన్న లైను తరచూ కనిపిస్తుంది. మీరు ఆశిస్తున్న ఉద్యోగాల ప్రకటనలు ఒక పది తీసి అర్హతల పేరా చదవండి. ఇంటర్ అయిన వెంటనే చేరేవాళ్లకైతే ల్యాబ్, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉన్న కాలేజీ అందుబాటులో ఉంటే అదే మేలు. ఉద్యోగంలో ఉండి ప్రమోషన్‌కు డిగ్రీ కావాల్సినవాళ్లకు, మధ్యలో చదువు ఆగినవాళ్లకు ఆన్‌లైన్ బాగా పనికొస్తుంది. ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ లాంటిది వేరే కోవ: పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. అది బీటెక్‌తో సమానమని మాత్రం అనుకోవద్దు.

విదేశీ చదువు ఆలోచన ఉంటే అక్కడి యూనివర్సిటీకి ఇప్పుడే మెయిల్ పెట్టి, ఈ పద్ధతి డిగ్రీ తీసుకుంటారో లేదో రాతలో తెప్పించుకోండి. జర్మనీకైతే అనబిన్ డేటాబేస్‌లో (విదేశీ డిగ్రీల గుర్తింపు చూపే జర్మన్ వెబ్‌సైట్) మీ యూనివర్సిటీకి హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉన్నట్టు చెప్పే గుర్తు, ఉందేమో చూడండి. ప్రభుత్వ ఉద్యోగులు చేరకముందే శాఖ అనుమతి తీసుకోవాలి, చేరాక అడిగితే సర్వీసు రిజిస్టర్లో ఆ డిగ్రీ ఎక్కించుకోవడం తలనొప్పి అవుతుంది.