కడెం ప్రాజెక్టు చూడ్డానికి పోయే ముందు

జులై వచ్చిందంటే మా వైపు ఫోన్లలో ఒకటే ప్రశ్న: "గేట్లు ఎత్తిండ్రా?" నిర్మల్, మంచిర్యాల, జగిత్యాల నుంచి, ఆదివారమైతే హైదరాబాద్ నుంచి కూడా బండ్లేసుకుని నిర్మల్ జిల్లాలోని మా కడెం వస్తారు. రావడంలో తప్పేం లేదు. నిండుకుండలా జలాశయం, వెనక పచ్చటి కవ్వాల్ గుట్టలు, గేట్ల కింద నుంచి దుమికే తెల్లటి నీళ్లు. ఎన్నిసార్లు చూసినా నాకే తనివి తీరదు. వచ్చినవాళ్లంతా ఏ ఆపదా లేకుండా ఇల్లు చేరాలన్న ఆరాటంతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ నీళ్లు ఎక్కడివో తెలుసుకోండి. కడెం వాగు నేరడిగొండ వైపు గుట్టల నీళ్లన్నీ కూడగట్టుకుని, కుంటాల దగ్గర జలపాతమై దూకి, అడవిలో పడి ప్రాజెక్టుకు చేరుతుంది. పైన రాత్రి కుండపోతగా కురిస్తే, ఇక్కడ తెల్లారి ఎండ కాస్తున్నా వరద వస్తుంది. "ఇక్కడ చినుకు కూడా లేదు కదా" అంటూ వాగులో దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ప్రాజెక్టు కింద వాగులో నీళ్లు పెరగడానికి మన నెత్తిన మబ్బు అక్కర్లేదు. గేటు ఎత్తితే చాలు.

పైగా కడెం చిన్న గిన్నె. పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి లెక్కేస్తే 700 అడుగులు, మొదటి లెక్కల ప్రకారం నిల్వ ఏడున్నర టీఎంసీల పైచిలుకు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). గిన్నె చిన్నదైతే పొంగడం తొందర. పెద్ద వరద వచ్చిందంటే గంటల్లో నిండుతుంది, అందుకే ఇక్కడ రాత్రనక పగలనక గేట్లు ఎత్తడం, దించడం నడుస్తూనే ఉంటుంది. 1958 వరదకు ఈ కట్ట తెగింది, ఆ తర్వాతే గేట్లు పెంచారు. ఇప్పుడున్నవి 18. అవన్నీ ఎత్తినా కిందికి పోయేది సుమారు మూడు లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో ఐదు లక్షలు దాటి వచ్చింది, ఒక గేటైతే లేవనే లేదు. నీళ్లు గేట్ల మీంచి పొర్లాయి. ఎడమ కాలువ వైపు గండి పడి నీళ్లు అటు మళ్లాయి కాబట్టి కట్ట మీద ఒత్తిడి తగ్గింది. కింది ఊళ్లవాళ్లు ఆ రాత్రి ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. మరుసటేడు జులైలోనూ కొన్ని గేట్లు లేవక మళ్లీ అదే పరిస్థితి.

క్యూసెక్కు అన్న మాట పేపర్లో చదివి వదిలేస్తాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న డబ్బా నిండా నీళ్లు సెకనుకొకటి చొప్పున పోతుంటే ఒక క్యూసెక్కు, అంటే 28 లీటర్ల పైనే. "పదివేలే వదిలిండ్రు" అంటారు. పదివేలంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు యాభైకి పైగా ఒక్క సెకనులో ఒంపినట్టు. వాగులో నిలబడ్డ మనిషికి పదివేలైనా లక్షయినా ఒకటే.

అసలు ప్రమాదం వరద ఉరుకుతున్నప్పటికంటే ఆగిన తర్వాతే ఎక్కువని నా గట్టి నమ్మకం. ఉరికే నీళ్లను చూస్తే ఎవరికైనా భయమే. గేట్లు దించాక చూడాలి. బండల మధ్య మడుగుల్లో చేపలు చిక్కుబడి ఎగురుతుంటాయి. వలలు, గంపలు, చివరికి దోమతెరలు పట్టుకుని పిల్లా పెద్దా ఉరుకుతారు. ఊళ్లో వాళ్లను చూసి టూరుకొచ్చినవాళ్లు కూడా ప్యాంట్లు మడిచి దిగుతారు. పైనుంచి వరద మళ్లీ పెరిగితే గేటు మళ్లీ లేస్తుంది. సైరన్ మోగుతుంది నిజమే, కానీ నీళ్ల హోరులో, కార్లో పెట్టిన పాటల్లో అది వినపడకపోతే? వినపడ్డా, నడి వాగులో బండ మీదున్న మనిషి ఒడ్డుకు రావాలంటే పాకుడు పట్టిన రాళ్ల మీద ఎంతసేపు పడుతుంది?

చిన్నప్పుడు మా మేనమామ వెంట వాగుకు పోయేవాణ్ని. ఆయన ఎంత తొందరలో ఉన్నా ముందు ఒక పుల్ల విరిచి, నీళ్ల అంచున ఇసుకలో గుచ్చేవాడు. "దీన్ని సూస్కుంట ఉండు బిడ్డా. పుల్ల మొదలు తడిస్తే నన్ను పిలువు, నువ్వు మాత్రం ఉరుకు" అనేవాడు. ఒకరోజు నేను చూస్తుండగానే ఇసుక రంగు మారింది. మొదట తడి చీకటిగా పాకింది, తర్వాత పుల్ల చుట్టూ సన్నటి నురగ తిరిగింది, ఎండుటాకులు, చెత్త నా చెప్పుల దాకా కొట్టుకొచ్చాయి. నేను కేక పెట్టాను. మామ వల అక్కడే వదిలేసి వచ్చాడు. మేం గట్టెక్కి వెనక్కి తిరిగేసరికి ఆయన నిలబడ్డ బండ కనపడలేదు. మీరు గేట్ల కింద వాగులో అసలు దిగొద్దు. వాగు ఒడ్డున ఎక్కడ కూర్చున్నా సరే, ఒక పుల్ల గుచ్చండి. నీళ్లు బురద రంగుకు తిరిగినా, చెత్తా ఆకులూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాన్ల కోసం చూడకుండా పైకెక్కండి. కిందికి ఉరికితే నీళ్లను దాటలేరు, ఒడ్డుకే ఎక్కాలి.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది బండల మీద ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు అవి. ఆ పిల్లలు చేసిన తప్పేముంది? నది అడుగంటి, బండలు తేలి, అందంగా కనిపించింది. దిగారు. ప్రాజెక్టు కింద తేలిన బండను ఎప్పుడూ నమ్మొద్దని పిల్లల్ని టూరుకు పంపే ప్రతి తల్లీ తండ్రీ చెప్పి పంపాలి.

ఇక కట్ట పైవైపు, జలాశయం సంగతి. అది చెరువులా కనిపిస్తుంది గానీ చెరువులా ఉండదు. చెరువులో మోకాలు, నడుము, మెడ అని లోతు తెలుస్తూ పోతుంది. ఇక్కడ కట్ట రాళ్ల మీద రెండడుగులు వేస్తే మూడో అడుగుకు కింద ఏమీ ఉండదు. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లాలోని కొండపోచమ్మ సాగర్ జలాశయంలో ఏడుగురు కుర్రాళ్లు దిగితే ఐదుగురు తిరిగి రాలేదు. అది వరదల కాలం కూడా కాదు. ఈత వచ్చినవాళ్లు కూడా కట్ట దగ్గర, తూము దగ్గర దిగొద్దు. తూము తెరిచి ఉంటే నీళ్లు పైకి నిశ్చలంగా కనిపిస్తూనే లోపల్నుంచి లాగుతాయి. నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు వెంట తేలే ఒండ్రు మట్టి పైకి ఎండి పెచ్చులు కట్టినట్టుంటుంది, కాలేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకునే ఎక్కండి. ఒళ్లో పెట్టుకుంటే లాభం లేదు. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానీయకండి, అలిగినా సరే. వినాయక నిమజ్జనం సరిగ్గా జలాశయాలు నిండి ఉండే రోజుల్లోనే వస్తుంది కాబట్టి, విగ్రహంతోపాటు లోపలికి దిగే పని ఈతగాళ్లకే వదిలేయండి.

కింది ఊళ్లలో ఉండే మనవాళ్లకు వేరే మాటలు చెప్పాలి. వరద కబురు వినగానే రైతు మొదట ఉరికేది వాగు ఒడ్డున ఉన్న మోటారు కోసం. ఆ కష్టం నాకు తెలుసు, మోటారు పోతే ఆ పంటే పోయినట్టు. అందుకే వానకాలం మొదట్లోనే మోటారును గట్టు మీదికి చేర్చుకోండి. గేట్లు ఎత్తాక మాత్రం పోవద్దు. గొర్లు, మేకలు తోలుకుపోయేవాళ్లు రాత్రి వాగు నడుమ లంకల్లో మంద పెట్టొద్దు. ఖాళీ చేయమని చాటింపు వేస్తే కొట్టంలో పశువుల పలుపులు విప్పి కదలండి, విప్పితే అవే ఈదుకుంటూ మెరక చేరతాయి. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఇప్పుడే పెట్టుకోండి.

కట్ట ఎలా ఉందో రోజూ చూసేది ఆ పక్క పొలాల రైతులే. కట్ట వెనక ఊట ఉండటం మామూలే, తేటగా వస్తే కంగారు వద్దు. అదే ఊట మట్టి రంగుకు తిరిగినా, నిన్నటికంటే ఇవాళ ఎక్కువైనా, కట్టలోని మట్టి లోపల్నుంచి కొట్టుకుపోతోందని అర్థం. బుంగ పడేది అలాగే. కట్ట మీద కొత్తగా చీలిక, కుంగిన చోటు, ఎలుక బొరియల్లోంచి తడి కనిపిస్తే ఫొటో తీసి కాలువలు, తూములు చూసుకునే లష్కర్‌కో, ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కో అప్పుడే చెప్పండి. ఎత్తి చూసినప్పుడు కదలని గేటు గురించి గ్రామసభలో మే నెలలోనే అడగండి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయి పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, అక్కడా ఒక గేటు పనిచేయని స్థితిలోనే ఉంది. గేటుకు గ్రీజు, తాడుకు మరమ్మతు చేయించే డబ్బు కోసం ఊరంతా కలిసి పట్టుబట్టడం రాజకీయం కాదు, అది మన ప్రాణం సంగతి.

రోడ్డు మీంచి నీళ్లు పారుతుంటే బండి దింపొద్దు. అడుగు లోతున వేగంగా పారే నీళ్లు చిన్న కారును తోసేస్తాయి, రోడ్డు కింద మట్టి ఉందో పోయిందో పైనుంచి తెలియదు.

ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకకండి. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. చీర, చున్నీ, తాడు ఏదుంటే అది విసరండి. ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను మూత బిగించి విసిరినా పట్టుకుని తేలతారు. ఆ లోపు ఒకరు 112కు ఫోన్ చేయాలి. పైకి తీసినవాళ్లను తలకిందులుగా వేలాడదీయడం, కడుపు మీద ఒత్తడం చేయకండి, ఆ పనులతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊది, ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగంగా ముప్పై సార్లు నొక్కాలి, మళ్లీ రెండు సార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా అలా చేస్తూనే ఉండాలి. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల వల్ల కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరాడకుండా కావచ్చు, ఆ రాత్రి ఇంట్లో ఒంటరిగా పడుకోనీయకండి.