జీపు టాప్ మీద మచ్చలా? రంగు కొట్టించే ముందు నీళ్ల సంగతి చూడండి

వరంగల్, హనుమకొండ, ములుగు వైపు పైకప్పు మడిచేసే అసలైన కన్వర్టిబుల్ కార్లు తక్కువే. ఎక్కువగా కనిపించేవి సాఫ్ట్ టాప్ (గుడ్డ లేదా రెగ్జిన్ పైకప్పు) థార్లు, పాత జీపులు. బండి ఏదైనా టాప్ మీద మచ్చ కనబడగానే చాలామంది "గుడ్డ వెలిసిపోయింది" అని తేల్చేసి, సీటు కవర్ల షాపుకు పోయి నల్ల రంగు కొట్టిస్తారు. రెండు వానలు పడితే ఆ రంగు పొరలు పొరలుగా లేచి డోర్ల మీదికి కారుతుంది. ఆ తర్వాత మచ్చ కంటే ఆ రంగును వదిలించడమే పెద్ద పని. చిన్న పరీక్ష ఒకటి చేసుంటే ఇదంతా తప్పేది. దయచేసి ఆ పరీక్షను వదిలేయకండి.

టాప్ దేనితో చేసిందో ముందు చూసుకోండి. పైన నేత కనిపిస్తే కాన్వాస్. పైన నున్నటి ప్లాస్టిక్ పూత, కింద గుడ్డ ఉంటే రెగ్జిన్. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఎర్రటి మరకలు

మేడారం, లక్నవరం, పాకాల వైపు తిరిగొచ్చిన బండికి ఇవి మామూలే. చెల్క మట్టి దుమ్ము అది. దాని మీద నేరుగా నీళ్లు పోస్తే బురదై నేతలోకి దిగుతుంది. ఎండుగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ ఉంటే పెట్టి, ఆ తర్వాతే కడగండి. చాలావరకు పోతుంది.

నల్ల చుక్కలు, ముక్క వాసన

ఇది బూజు. తడి టాప్‌ను మడిచిపెడితే వస్తుంది. పైనుంచి ఎంత తోమినా మళ్లీ వస్తోందంటే లోపలి వైపు చూడలేదన్నమాట. టాప్ విప్పి లోపలి గుడ్డను వాసన చూడండి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి రెండు వైపులా పట్టించి, పావుగంట ఆగి, మెత్తగా తోమి, కడిగి, పూర్తిగా ఆరేదాకా పరిచి ఉంచాలి. బ్లీచింగ్ జోలికి పోవద్దు, కుట్టు దారం బలం తగ్గుతుంది. పైగా వెనిగర్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

తెల్లటి, బూడిద రంగు మచ్చలు

అసలు మోసం ఇక్కడే ఉంది. టాప్ మధ్యలో గుండ్రంగా, అంచు కాస్త చిక్కగా తెల్లటి మచ్చ పడుతుంది. కుట్ల వెంబడి గీతలాగా కూడా వస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే మాయమై టాప్ నల్లగా మెరుస్తుంది. ఆరగానే మళ్లీ తెల్లగా తేలుతుంది. వెలిసిపోయిన గుడ్డ కూడా తడిస్తే ముదురుగా, ఆరితే పాలిపోయి కనబడుతుంది కాబట్టి అందరూ ఇది కూడా వెలిసిపోవడమే అనుకుంటారు. తడిపి చూస్తే తేడా తెలియదు. కడిగేకొద్దీ మచ్చ పెరుగుతోందా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న. పెరుగుతోందంటే కారణం ఎండ కాదు, మీరు కడుగుతున్న నీళ్లే.

మన దగ్గర నేల కింద చాలాచోట్ల ఉన్నది గ్రానైట్ రాయి. దాని పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో చాలాచోట్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్ అంచున, గీజర్ లోపల గట్టిపడే తెల్లటి చారే టాప్ మీదా పేరుకుంటుంది. తాగే నీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా పర్వాలేదు. లీటరుకు 500 ఉన్న నీళ్లనే తీసుకోండి. తాగడానికి ఒప్పుకునే ఆ నీళ్లలో కూడా 20 లీటర్ల బకెట్‌కు 10 గ్రాముల దాకా ఈ పదార్థం ఉంటుంది. కారిపోయిన నీళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. వదులైన టాప్ పైపుల మధ్య గుంటపడి, అక్కడ నిలిచిన నీళ్లు ఎండకు ఆవిరైతే మాత్రం అందులోని సున్నమంతా గుడ్డలోనే ఉండిపోతుంది. కుట్టు దారం నీటిని పీల్చుకుంటుంది కాబట్టి కుట్ల వెంబడి గీత పడుతుంది. సబ్బు తోడైతే ఇంకా జిగట పొర కడుతుంది, దానికి దుమ్ము అంటుకుని బూడిద రంగు వస్తుంది. వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో కూడా చాలాచోట్ల వాడేది బోరు నీళ్లే. అక్కడ కడిగించాక మచ్చలు ఎక్కువయ్యాయని చెప్పేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

పరీక్ష ఇదీ. లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించండి. ఈ నీళ్లు కూడా బోరువి కాకూడదు. మచ్చ మీద రూపాయి బిళ్ల అంత చోట నాలుగైదు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి, నల్లా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక కూడా ఆ చోటు నల్లగానే ఉంటే అది సున్నం. మళ్లీ తెల్లబడితే నిజంగా వెలిసిపోయినట్టే. ఆరకముందే తీర్పు చెప్పేయడం వల్లే చాలామంది తప్పు దారి పడతారు. నిమ్మకాయ పిండకండి, రసంలోని తీపి గుడ్డలో ఉండిపోయి బూజుకు మేత అవుతుంది.

సున్నమని తేలితే టాప్ అంతటికీ అదే నీళ్లు పట్టించండి. నీడలో, కొంచెం కొంచెం చోటు చేసుకుంటూ, మెత్తటి బ్రష్‌తో. మందం ఎక్కువుంటే రెండోసారి కూడా చేయాలి. జిప్పులకు, ఇనుప బటన్లకు తగిలితే వెంటనే కడిగేయండి. చివరి కడుగు మాత్రం తప్పనిసరిగా సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లతోనే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు నది నుంచి వచ్చేవి కాబట్టి బోరు నీళ్లకన్నా చాలా నయం. పట్టి పెట్టుకున్న వాననీళ్లు ఇంకా మంచివి. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తడి ఒత్తి తీసేయండి. పట్టీలు బిగించి గుంట లేకుండా చేయండి, లేకపోతే వచ్చే నెలకల్లా అదే చోట మళ్లీ మచ్చ తయారవుతుంది.

కాన్వాస్ అయితే ఒక రోజు ఆరాక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలవకుండా ఇంకిపోతే, బట్టలకు కొట్టే వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టాలి. దీన్ని సున్నం తీయకముందు కొడితే సున్నం కిందే ఇరుక్కుపోతుంది.

ఎరుపు, నీలం, పసుపు మరకలు

బండి మీద పాత ఫ్లెక్సీ కప్పుతున్నారా? మానేయండి. ఫ్లెక్సీ కూడా రెగ్జిన్ లాగే పీవీసీ సరుకు. మన మే నెల ఎండకు వేడెక్కి, రెండూ ఒకదానికొకటి అంటుకుంటే ఫ్లెక్సీ రంగు టాప్‌లోకి దిగుతుంది. లోపలిదాకా దిగిన రంగును తీసే మందు లేదు. థిన్నర్, పెట్రోలుతో రుద్దితే రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే నూనె పోయి గట్టిపడి పగులుతుంది. కప్పాలంటే గాలి ఆడే గుడ్డ కవరే కప్పండి.

నిజంగా వెలిసిపోతే

కాన్వాస్‌కు గుడ్డ రంగు వేయొచ్చు. మచ్చ మీద మాత్రమే వేస్తే అతుకులా కనబడుతుంది, ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా పూర్తిగా వేయాలి. రెగ్జిన్‌కు ఆ రంగు నిలవదు, ఆ ముక్క మార్పించడమే నయం.

చెట్టు జిగురు, పక్షి రెట్టల మరకలు చూసిన రోజే తడిపి తీసేస్తే పోతాయి. బ్యాటరీ యాసిడ్ పడటం చాలా అరుదు. పడితే అది మచ్చ కాదు, గుడ్డే తినేసి ఉంటుంది. అతుకు వేయించండి.