హైదరాబాద్‌లో తక్కువ బడ్జెట్‌కి పెద్ద స్మార్ట్ టీవీ: ఎంచుకోవడం, బిగించుకోవడం, సెట్ చేసుకోవడం ఎలా?

32 అంగుళాలు దాటిన టీవీల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. బడ్జెట్ బ్రాండ్లలో 55 అంగుళాల 4కే టీవీ ఇప్పుడు సుమారు రూ.30 వేల నుంచి 45 వేల మధ్య దొరుకుతోంది. ఆ డబ్బుకి అన్నీ బాగుండే టీవీ మాత్రం రాదు. ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు. ఎక్కడ పడాలన్నదే అసలు ప్రశ్న.

నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తర్వాత మార్చుకోగలిగిన వాటి దగ్గర రాజీ పడండి, మార్చుకోలేని వాటి దగ్గర వద్దు. యాప్‌లు నెమ్మదిస్తే కొన్ని వేలు పెట్టి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకోవచ్చు. సౌండ్ నచ్చకపోతే సౌండ్‌బార్ ఉంది. తెర సైజు, ప్యానెల్ (బొమ్మ చూపించే తెర పలక), ఆ కంపెనీకి ఊళ్లో సర్వీస్ ఉందా లేదా అన్నవి మాత్రం కొన్న రోజే ఖాయమైపోతాయి.

మొదటి పని: గోడ కొలవండి

షోరూమ్‌కి వెళ్లేముందే టేపు తీయండి. టీవీ సైజు అంటే మూల నుంచి మూలకి కొలత. గోడ మీద 55 అంగుళాల టీవీ దాదాపు 4 అడుగుల వెడల్పు, రెండుంపావు అడుగుల ఎత్తు ఆక్రమిస్తుంది. 65 అయితే వెడల్పు నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల దాకా పోతుంది. అంకెలతో ఊహకు అందకపోతే పాత న్యూస్‌పేపర్లు కలిపి ఆ కొలతకు గోడకి అతికించండి. ఒక పూట అలాగే ఉంచి, సోఫాలో, దివాన్ మీద, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చూడండి. తలుపు తెరిస్తే తగులుతుందా, పైన ఏసీ ఉందా, కింద స్విచ్ బోర్డు ఉందా అన్నీ అప్పుడే తెలిసిపోతాయి.

ఎంత దూరం ఉండాలి? 4కే వీడియోకి తెర మూలకొలతకు 1.2 రెట్ల నుంచి 1.6 రెట్ల దూరం హాయిగా ఉంటుంది. ఆ లెక్కన 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడుంపావు అడుగులు, 65కి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగుల పైచిలుకు. మన టూ బీహెచ్‌కే హాలు 11 అడుగుల వెడల్పు ఉందనుకుందాం. సోఫా వెనక్కి ఆనించాక కంటికీ తెరకీ మధ్య మిగిలేది ఎనిమిది, తొమ్మిది అడుగులు. ఈ లెక్క ప్రకారం 65 తీసుకోవచ్చు.

అయితే ఒక్క విషయం ఆలోచించండి. మీ ఇంట్లో రోజంతా నడిచేది కేబుల్‌లో వచ్చే మామూలు ఎస్‌డీ చానెళ్లేనా? అలాంటి బొమ్మ తెర పెరిగేకొద్దీ మసకబారుతుంది. ఓటీటీ సినిమాలు, హెచ్‌డీ క్రికెట్ ఎక్కువ చూసే ఇంటికి 65 బాగుంటుంది. సీరియళ్లు, వార్తలే ఎక్కువైతే 55 దగ్గర ఆగండి. మిగిలిన డబ్బుతో హెచ్‌డీ ప్యాక్ వేయించుకుంటే ఇంట్లోవాళ్లకి ఎక్కువ సంతోషం.

లిఫ్ట్ కూడా కొలవండి. పాత అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో 65 అంగుళాల డబ్బా పట్టకపోవచ్చు. అప్పుడు మెట్ల మీదుగా మోయాలి. డబ్బాని నిలువుగానే పట్టుకోవాలి, పడుకోబెట్టకూడదు.

రెండో పని: స్పెసిఫికేషన్లలో ఏది చూడాలి?

ప్యానెల్ రకం అడగండి. వీఏ ప్యానెల్‌లో నలుపు నల్లగా కనిపిస్తుంది, రాత్రి సీన్లు బాగుంటాయి, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ పక్కనుంచి చూసినా రంగు అంతగా మారదు, కానీ చీకట్లో నలుపు కాస్త బూడిద రంగులోకి పోతుంది. అందరూ ఎదురుగా కూర్చునే ఇంటికి వీఏ. ఎల్ ఆకారం సోఫా ఉండి, వంటగదిలోంచి కూడా ఓ కన్ను టీవీ మీద ఉండే ఇంటికి ఐపీఎస్. సేల్స్‌మ్యాన్‌కి తెలియకపోతే డెమో టీవీని పక్కకి వెళ్లి చూడండి, మీకే తెలిసిపోతుంది.

క్యూఎల్ఈడీ అంటే ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) కాదు. క్యూఎల్ఈడీ కూడా వెనక బ్యాక్‌లైట్ ఉండే ఎల్‌సీడీ టీవీయే. క్వాంటమ్ డాట్ పొర వల్ల రంగులు ఇంకాస్త నిండుగా వస్తాయి. ఇక వెలుగునీడల తేడా ఎక్కువగా చూపిస్తామనే హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ స్టిక్కర్లు చూసి ఈ ధరలో అదనంగా డబ్బు పెట్టొద్దు. హెచ్‌డీఆర్ గొప్పగా కనిపించాలంటే తెరకి బాగా వెలుగు ఉండాలి. బడ్జెట్ టీవీలు సాధారణంగా 300 నిట్లకి (నిట్ అంటే తెర వెలుగు కొలత) అటూ ఇటూ ఆగిపోతాయి.

సాఫ్ట్‌వేర్ విషయంలో కనీసం 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ చూడండి. గూగుల్ టీవీ, టైజెన్, వెబ్‌ఓఎస్, ఫైర్ టీవీ ఏదైనా ఫర్వాలేదు. వట్టి 'ఆండ్రాయిడ్' అని మాత్రమే రాసి ఉన్న పేరులేని టీవీలతో జాగ్రత్త. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ ధ్రువీకరణ లేకపోతే తెర 4కే అయినా ఓటీటీ వీడియో తక్కువ రిజల్యూషన్‌లోనే రావొచ్చు. ఆహా, ఈటీవీ విన్, జియోహాట్‌స్టార్ లాంటి మీరు వాడే యాప్‌లు అక్కడే స్టోర్‌లో వెతికించుకోండి. హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు ఉండాలి, వాటిలో ఒకటి టీవీ సౌండ్‌ని బయటికి పంపే ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ పోర్టు అయి ఉండాలి. సౌండ్‌బార్ కొన్న రోజున అది పనికొస్తుంది.

మూడో పని: షోరూమ్‌లో చూసి, లెక్కలు వేసి, కొనండి

అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో పెద్ద షోరూమ్‌లు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొనాలనుకున్నా ఒకసారి వెళ్లి కళ్లారా చూసి రండి. వెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. అందులో ఒక చీకటి సీన్, దగ్గరగా మనిషి ముఖం కనిపించే ఒక సీన్, కాస్త క్రికెట్ ఉంటే చాలు.

షోరూమ్‌లో టీవీలన్నీ వివిడ్ మోడ్‌లో ధగధగ మెరుస్తుంటాయి. తిప్పే వీడియో కూడా పూలు, చేపలు, రంగునీళ్లే. దాన్నిబట్టి ఏ టీవీ మంచిదో చెప్పలేం. "అన్నా, ఒకసారి సినిమా మోడ్ పెట్టి ఈ పెన్‌డ్రైవ్ ప్లే చేస్తారా?" అని అడగండి. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్తే ఓపికగా చూపిస్తారు. ముఖం రంగు సహజంగా ఉందా, చీకటి సీన్‌లో జుట్టూ గోడా విడివిడిగా కనిపిస్తున్నాయా, బంతి వెనక తోకలాంటి చార వస్తోందా చూడండి. ఈ మూడూ బాగుంటే ప్యానెల్ బాగున్నట్టే.

బేరం ఆడేటప్పుడు టీవీ ధర ఒక్కటే మాట్లాడకండి. "డెలివరీ, వాల్ మౌంట్, ఇన్‌స్టలేషన్ అన్నీ కలిపి ఫైనల్ ఎంత?" అని అడగండి. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపిస్తే చాలాచోట్ల తగ్గిస్తారు. కిందటేడాది మోడల్ తక్కువకి వస్తుంటే, ప్యానెల్ అదే అయితే, నిశ్చింతగా తీసుకోండి. దసరా, దీపావళి సేల్స్‌లో బ్యాంక్ కార్డు ఆఫర్లు బాగుంటాయి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా సరే, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడొచ్చు. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి, రెండూ పోల్చుకోండి.

కొనే ముందు ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒక ఫోన్ చేయండి. మీ పిన్‌కోడ్ చెప్పి సర్వీస్ ఎవరు చేస్తారు, ఇంటికి వస్తారా అని అడగండి. చాలామంది వదిలేసే పని ఇది. వారంటీ అయ్యాక ప్యానెల్ పోతే దాని ఖర్చు కొత్త టీవీ ధరకి దగ్గరగా ఉంటుంది. ఒకే ధరలో రెండు టీవీలుంటే ప్యానెల్ మీద రెండో ఏడు వారంటీ ఇచ్చేదే నేను ఎంచుకుంటాను. సీరియల్ నంబర్ ఉన్న జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. తేడా వచ్చి కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు, అప్పుడు ఆ బిల్లే ఆధారం.

కేబుళ్లు మాత్రం షోరూమ్‌లో వేలు పోసి కొనొద్దు. కోఠీ గుజరాతీ గల్లీలో మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్ని వందలకే వస్తుంది. 18 జీబీపీఎస్ మోసే ప్రీమియం హై స్పీడ్ కేబుల్ అయితే 60 హెర్ట్జ్ 4కేకి సరిపోతుంది.

నాలుగో పని: డబ్బా విప్పడం, గోడకి బిగించడం

ఇన్‌స్టలేషన్ మనిషి వచ్చేదాకా డబ్బా విప్పకండి. పైన నొక్కుకుపోయి ఉంటే డెలివరీ అప్పుడే ఫొటోలు తీయండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. పగిలిన తెర మామూలుగా వారంటీలోకి రాదు కాబట్టి అది వచ్చేటప్పటికే అలా ఉందని చూపించగలగాలి. ఆన్ చేయగానే యూట్యూబ్‌లో పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు చూపించే డెడ్ పిక్సెల్ టెస్ట్ వీడియో పెట్టి, టెక్నీషియన్ ఉండగానే దగ్గరగా చూడండి.

గోడ ఏ రకమో అతనికి ముందే చెప్పండి. పాత ఇళ్లలో ఎర్ర ఇటుక గోడలకి మామూలు రాల్ ప్లగ్గులు పట్టేస్తాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో ఏఏసీ లైట్ వెయిట్ బ్లాకులు ఎక్కువ. అవి మెత్తగా ఉంటాయి కాబట్టి పొడవైన ప్రత్యేక ఫాస్టెనర్లు వేయాలి. గచ్చిబౌలి వైపు కొన్ని టవర్లలో గోడలు మొత్తం కాంక్రీటే, వాటికి హ్యామర్ డ్రిల్ కావాలి. జిప్సం పార్టిషన్ మీద పెద్ద టీవీ వేలాడదీయొద్దు. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా డ్రిల్ పెట్టనివ్వకండి. లోపలి వైర్ల పైపు సాధారణంగా నిలువుగా అక్కడే వెళ్తుంది.

తెర మధ్యభాగం కూర్చున్నప్పుడు మన కంటికి సమంగా రావాలి. సోఫాలో కూర్చునేవాళ్లకి అది నేల నుంచి మూడున్నర అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. చాలా ఇళ్లలో అందం కోసం ఐదడుగుల పైన బిగించేస్తారు. రెండు గంటల సినిమా చూసేసరికి మెడ పట్టేస్తుంది. అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌ని అడిగి డ్రిల్ చేయించండి, వద్దంటే టేబుల్ మీద పెట్టుకోండి. కాళ్లు చాలావరకు టీవీ రెండు చివర్లలో ఉంటాయి కాబట్టి 55 అంగుళాలకి నాలుగడుగుల టేబుల్ కావాలి. పిల్లలున్న ఇంట్లో టీవీ ముందుకి తూలకుండా వెనక నుంచి పట్టీతో కట్టేయండి.

కరెంటు మాట. ఇప్పటి టీవీలు ఎక్కువగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, స్టెబిలైజర్ పెద్దగా అక్కర్లేదు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్, సర్జ్ ప్రొటెక్టర్ చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వాన మొదలైతే ప్లగ్‌తోపాటు డిష్ లేదా కేబుల్ వైరు కూడా పీకేయండి. పిడుగు దెబ్బ అటు నుంచి కూడా వస్తుంది. 120 వాట్ల టీవీ రోజుకి ఐదు గంటలు నడిస్తే నెలకి 18 యూనిట్లు కాలుతుంది.

ఐదో పని: సెట్టింగులు

దీనికి పైసా ఖర్చు లేదు, కానీ బొమ్మ నాణ్యతలో సగం తేడా ఇక్కడే వస్తుంది. టెక్నీషియన్ వెళ్లాక అరగంట కూర్చోండి.

మొదట్లో హోమ్ మోడా, స్టోర్ మోడా అని అడిగితే హోమ్ ఎంచుకోండి. తర్వాత పిక్చర్ మోడ్‌ని వివిడ్ నుంచి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కి మార్చండి. ఇంట్లోవాళ్లు వెంటనే "ఏంటి, పసుపుగా అయిపోయింది?" అంటారు. రెండు రోజులు ఓపిక పట్టమనండి, కళ్లు అలవాటు పడతాయి. సినిమా తీసినవాళ్లు రంగులు దిద్దింది దాదాపు ఆ వెచ్చని తెలుపుకే. ఆ తర్వాత పాత మోడ్‌కి వెళ్తే ముఖాలు నీలంగా కనిపిస్తాయి.

మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఎంఈఎంసీ అంటూ ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి పెడితే పెద్ద సినిమా కూడా సీరియల్ షూటింగ్‌లా కనిపిస్తుంది. క్రికెట్‌కి కావాలంటే తక్కువ స్థాయిలో పెట్టుకోండి.

షార్ప్‌నెస్‌ సరిచేయడానికి ఒక వార్తా చానెల్ పెట్టి కింద పరిగెత్తే స్క్రోలింగ్ అక్షరాల్ని చూడండి. అక్షరాల చుట్టూ తెల్లని అంచు కనిపిస్తుంటే షార్ప్‌నెస్ ఎక్కువైనట్టే. ఆ అంచు మాయమయ్యేదాకా తగ్గించండి. గది వెలుగుకి తగ్గట్టు మార్చుకోవాల్సింది బ్యాక్‌లైట్‌ని, బ్రైట్‌నెస్‌ని కాదు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ నలుపు స్థాయిని మారుస్తుంది. తెర తనంతట తాను డిమ్ అవుతుంటే పవర్ సేవింగ్ ఆపేసి చూడండి.

సెట్‌టాప్ బాక్స్ వెనక్కి ఒకసారి చూడండి. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల పాత వైరే ఉంటే తీసేసి హెచ్‌డీఎంఐ పెట్టండి, బాక్స్ సెట్టింగుల్లో 1080 ఎంచుకోండి. హెచ్‌డీ ప్యాక్‌కి డబ్బు కడుతూ కూడా ఏళ్ల తరబడి ఆ పాత వైరుతో మసక బొమ్మే చూస్తున్న ఇళ్లు ఎన్నో.

ఇంటర్నెట్‌కి వస్తే, 4కేకి నెట్‌ఫ్లిక్స్ చెప్పేది 15 ఎంబీపీఎస్. ఇళ్లలో ఉండే ఫైబర్ ప్లాన్లకి ఇది తేలిక, ఇబ్బంది వచ్చేది వైఫైతోనే. రూటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి కలపండి. రెండు గోడల అవతల ఉంటే ల్యాన్ వైరు లాగించడమే మేలు. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే ప్రీమియం ప్లాన్‌కే వస్తుంది, మొబైల్ ప్లాన్ టీవీలో అసలు పనిచేయదు.

ప్రైవసీ మెనూలో మీరు చూసేదాన్ని గుర్తించి కంపెనీకి పంపే ఆప్షన్ ఉంటుంది, వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ లాంటి పేరుతో. ఆపేయండి. టీవీ పనితీరుకి ఏమీ కాదు.

ఇంట్లో అమ్మానాన్నలు ఎక్కువ చూస్తుంటే టీవీ ఆన్ చేయగానే సెట్‌టాప్ బాక్సే వచ్చేలా పెట్టండి. చాలా మోడళ్లలో పవర్ ఆన్ ఇన్‌పుట్ అని ఉంటుంది. హోమ్ స్క్రీన్ మీద వాళ్లు వాడే నాలుగు యాప్‌లు ముందుకి తెచ్చి మిగతావి వెనక్కి నెట్టండి. తెర తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు, కొలిన్ లాంటివి తెర మీద కొట్టొద్దు. డబ్బా, లోపలి థర్మకోల్ అటక మీద దాచుకోండి. అద్దె ఇల్లు మారేటప్పుడు టీవీని అందులో నిలబెట్టి తీసుకెళ్తేనే క్షేమం.