పదవీ విరమణ సొమ్ములో పన్ను పడే భాగం ఎంత? – మూడో పాఠం: గ్రాట్యుటీ, మిగులు సెలవుల సొమ్ము

ముందుగా రెండో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబు చూద్దాం. ఒక ఉద్యోగి ఒక ఆర్థిక సంవత్సరంలో తన వాటాగా భవిష్య నిధిలో 3,10,000 రూపాయలు జమ చేశారు, ఎంత మొత్తంపై వచ్చే వడ్డీకి పన్ను పడుతుందని అడిగాను. 2021 ఏప్రిల్ 1 నుంచి ఉద్యోగి వాటా ఏడాదికి 2,50,000 దాటితే, దాటిన భాగంపై వచ్చే వడ్డీ పన్నుకు లోబడుతుంది కాబట్టి జవాబు 60,000పై వచ్చే వడ్డీ. అయితే ఆ 60,000 ఒక్క ఏడాదితో వదిలిపోదు. దాన్ని వేరే పద్దులో ఉంచుతారు గనుక, నిధిలో ఉన్నంత కాలం ఏటా దానిపై వచ్చే వడ్డీకి పన్ను కట్టవలసిందే. ఈ రెండో భాగం కూడా రాసుకున్నవారు పాఠాన్ని సరిగ్గా పట్టుకున్నట్టే.

ఈ పాఠంలో గ్రాట్యుటీ (పనిచేసిన ఏళ్లను బట్టి ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే సొమ్ము), వాడుకోకుండా మిగిలిన ఆర్జిత సెలవులకు ఇచ్చే సొమ్ము అనే రెండు పద్దులు తీసుకుంటున్నాను. రెండింటినీ ఒకే పాఠంలో పెట్టడానికి కారణం ఉంది. రెండింటిలోనూ చట్టం కొన్ని అంకెలు కట్టమని, వాటిలో అన్నిటికన్నా తక్కువైనదానికే మినహాయింపు ఇస్తానని చెబుతుంది. చాలామంది ఈ అంకెల్లో గరిష్ఠ పరిమితిని ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుంటారు. గ్రాట్యుటీకి 20 లక్షలు, సెలవులకు 25 లక్షలు అన్న మాట అందరి నోటా ఉంటుంది, అందులో తప్పు లేదు. అయితే మీకు దక్కే మినహాయింపు చాలాసార్లు ఆ పరిమితి దరిదాపులకు కూడా రాదు. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన అసలు సంగతి ఇదే.

లెక్కలోకి దిగే ముందు మీ యజమాని ఎవరో తేల్చుకోవాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు పదవీ విరమణప్పుడు వచ్చే గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము రెండూ పూర్తిగా పన్ను లేనివే, వారికి ఈ పాఠంలోని లెక్కలతో పని లేదు. బ్యాంకులు, సింగరేణి, విశాఖ ఉక్కు వంటి ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు మాత్రం సంస్థ సర్కారుదే కదా అని తమను ఈ కోవలో వేసుకోకూడదు. వారికీ ప్రైవేటు ఉద్యోగులకు వర్తించే లెక్కే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఉద్యోగుల సంగతి వేరు. 2020 జనవరి 1 నుంచి వారు ప్రభుత్వ శాఖలో విలీనమయ్యారు.

మరొక్క మాట. ఇక్కడ చెప్పే నియమాలు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 10(10), 10(10ఏఏ) నిబంధనలు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది 2025 నాటి కొత్త చట్టం, అందులో సెక్షన్ల సంఖ్యలు మారాయి. మన ఉదాహరణ 2025–26 ఆర్థిక సంవత్సరానిది కాబట్టి పాత చట్టం ప్రకారమే కడదాం. ఈ రెండు మినహాయింపులూ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికీ కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికీ ఒకేలా దొరుకుతాయి. కొత్త విధానంలో మినహాయింపులేమీ ఉండవని విని వీటిని కూడా వదులుకున్నవారు ఉన్నారు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక ఉదాహరణ. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక ప్రైవేటు మందుల కంపెనీలో పనిచేసిన ఉద్యోగిని ఊహించుకోండి. ఆయన 1996 సెప్టెంబరు 12న చేరి, 2025 జూన్ 30న పదవీ విరమణ చేశారు. మూల వేతనం, కరువు భత్యం కలిపి 2024 డిసెంబరు వరకు నెలకు 73,000, 2025 జనవరి నుంచి 78,000. కంపెనీ నిబంధనల ప్రకారం విరమణ ప్రయోజనాల లెక్కలో కరువు భత్యం కూడా కలుస్తుంది. ఇంటి అద్దె భత్యం, ఇతర అలవెన్సులు ఈ లెక్కలోకి రావు. విరమణ రోజున ఆయనకు గ్రాట్యుటీగా 15,50,000, మిగులు సెలవులకు 10,92,000 ఇచ్చారు.

మొదట గ్రాట్యుటీ. పది మంది, అంతకు మించి పనిచేసే ఈ కంపెనీకి ఆయన విరమణ చేసిన 2025 జూన్ నాటికి 1972 గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వర్తించేది. ఆ చట్టం పరిధిలో ఉన్నవారికి ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనాన్ని చివరి నెల జీతం ఆధారంగా కట్టాలి. నెలకు ఆదివారాలు పోను 26 పనిదినాలు అని చట్టం లెక్క, అందుకే చివరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తాం. 78,000ను 26తో భాగిస్తే రోజుకు 3,000, పదిహేను రోజులకు 45,000. సర్వీసు 28 ఏళ్ల 9 నెలల పైచిలుకు. ఆరు నెలలు మించిన ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకోవాలి కాబట్టి 29 ఏళ్లు. 45,000ను 29తో గుణిస్తే 13,05,000.

ఇప్పుడు మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: చేతికి వచ్చినది 15,50,000, గరిష్ఠ పరిమితి 20,00,000, సూత్రం ఇచ్చినది 13,05,000. అన్నిటికన్నా తక్కువ 13,05,000, మినహాయింపు అంతే. కంపెనీ తన సొంత నిబంధనల ప్రకారం చట్టం చెప్పినదానికన్నా ఉదారంగా ఇచ్చింది, ఆ ఉదారంగా ఇచ్చిన 2,45,000కు పన్ను పడుతుంది. పరిమితి 20 లక్షలు కదా, నాకు వచ్చినది పదిహేనున్నరే కదా అని నిశ్చింతగా ఉంటే లెక్క తప్పుతుంది.

ఇదే ఉద్యోగి ఆ చట్టం పరిధిలోకి రాని చిన్న సంస్థలో పనిచేసి ఉంటే లెక్క మూడు చోట్ల మారుతుంది. చివరి నెల జీతానికి బదులు, విరమణ నెలకు ముందున్న పది నెలల సగటు తీసుకోవాలి. పదిహేను రోజులను 26 రోజుల నెలతో కాక సగం నెలగా లెక్కించాలి. ఏడాది నిండని ముక్కను, అది ఎన్ని నెలలైనా, వదిలేయాలి. 2024 ఆగస్టు నుంచి 2025 మే వరకు సగటు 75,500, అందులో సగం 37,750, దాన్ని 28 ఏళ్లతో గుణిస్తే 10,57,000. అదే మనిషి, అదే జీతం, అదే సర్వీసు అయినా మినహాయింపు 2,48,000 తగ్గిపోయింది. మీ సంస్థ చట్టం పరిధిలో ఉందో లేదో అడిగి తెలుసుకోవడం ఎందుకు అవసరమో ఈ తేడాయే చెబుతుంది.

ఇక సెలవుల సొమ్ము. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు కాబట్టి కొంచెం నిదానంగా వెళ్దాం. ఉద్యోగంలో ఉండగానే సెలవులు అమ్ముకుంటే వచ్చే డబ్బుకు మినహాయింపు ఏమీ లేదు, అది జీతంతో కలిసి పూర్తిగా పన్నుకు లోబడుతుంది. విరమణ సమయంలో వచ్చే సొమ్ముకే మినహాయింపు. దానికి నాలుగు అంకెలు కట్టాలి.

మొదటిది చేతికి వచ్చిన మొత్తం, 10,92,000. రెండోది గరిష్ఠ పరిమితి, 25,00,000. ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు రెండు దశాబ్దాలకు పైగా 3 లక్షల దగ్గరే ఆగిపోయింది. మూడోది పది నెలల సగటు జీతం. గ్రాట్యుటీలో విరమణ నెలకు ముందున్న పది నెలలు తీసుకున్నాం, ఇక్కడ విరమణ తేదీకి వెనుక పది నెలలు తీసుకోవాలి. జూన్ 30న విరమణ కాబట్టి జూన్ కూడా కలుస్తుంది. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలలకు 73,000 చొప్పున 2,92,000, జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలలకు 78,000 చొప్పున 4,68,000, మొత్తం 7,60,000. ఇదే మూడో అంకె. నెల సగటు 76,000, దీన్ని పక్కన రాసి ఉంచుకోండి.

నాలుగోది మీ ఖాతాలో మిగిలిన సెలవుల విలువ. ఇక్కడ మిగులు అంటే కంపెనీ రిజిస్టరులో కనిపించే మిగులు కాదని గమనించాలి. మన ఉద్యోగికి కంపెనీ నెలకు 3 రోజుల చొప్పున, అంటే ఏడాదికి 36 రోజులు ఆర్జిత సెలవు ఇచ్చింది. 345 నెలల సర్వీసుకు 1,035 రోజులు జమ అయ్యాయి, ఆయన 615 రోజులు వాడుకున్నారు, మిగిలినవి 420. కంపెనీ ఆ 420 రోజులకూ చివరి జీతం ప్రకారం రోజుకు 2,600 చొప్పున 10,92,000 లెక్కగట్టి ఇచ్చింది, అది దాని నిబంధన. పన్ను చట్టం మాత్రం ఏడాదికి 30 రోజులకు మించి ఒప్పుకోదు, పైగా నిండిన సంవత్సరాలనే తీసుకుంటుంది. గ్రాట్యుటీలో 29 అయిన సర్వీసు ఇక్కడ 28 అవుతుంది. 28ని 30తో గుణిస్తే 840 రోజులు. అందులో వాడుకున్న 615 తీసేస్తే 225, అంటే ఏడున్నర నెలలు. 76,000ను ఏడున్నరతో గుణిస్తే 5,70,000.

చట్టం తన వైపు జమను తగ్గించుకుని, వాడుకున్న రోజులను మాత్రం పూర్తిగా తీసేస్తుంది. ఉదారంగా సెలవులిచ్చిన కంపెనీలో ఉదారంగానే సెలవులు వాడుకున్న ఉద్యోగికి మినహాయింపు ఇంకా తగ్గిపోతుంది, ఒక్కోసారి సున్నాకు కూడా చేరవచ్చు. నాకు ఇది న్యాయంగా అనిపించదు, అయినా నియమం ఇదే. ఉద్యోగంలో ఉండగా అమ్ముకున్న సెలవులు ఉంటే వాటిని కూడా వాడుకున్నవాటిలోనే కలపాలి.

నాలుగు అంకెల్లో తక్కువైనది 5,70,000. 10,92,000లో అది పోను 5,22,000కు పన్ను పడుతుంది. పాతిక లక్షల పరిమితి ఉన్నా మన ఉద్యోగికి దక్కినది అందులో నాలుగో వంతు కూడా లేదు.

ఈ గరిష్ఠ పరిమితులు జీవితకాలానికి సంబంధించినవి. ఇంతకు ముందు మరో ఉద్యోగం వదిలినప్పుడు సెలవుల సొమ్ముపై 3 లక్షల మినహాయింపు పొంది ఉంటే, ఇప్పటి పరిమితి 22 లక్షలే. గ్రాట్యుటీకీ ఇదే పద్ధతి. పాత రిటర్నులు పారేయవద్దని మొదటి పాఠంలో చెప్పినది ఇందుకే.

ఇప్పుడు మొత్తం ఆదాయం చూద్దాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అలవెన్సులతో కలిపి జీతం 3,60,000, బ్యాంకు వడ్డీ ఏడాదికి 60,000 అనుకుందాం. వీటికి గ్రాట్యుటీలో పన్ను పడే 2,45,000, సెలవుల్లో పన్ను పడే 5,22,000 కలిపితే 11,87,000. కొత్త విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు తీసేస్తే 11,12,000. శ్లాబుల ప్రకారం పన్ను 51,200 వస్తుంది, ఆదాయం 12 లక్షలు దాటలేదు కాబట్టి సెక్షన్ 87ఏ కింద ఇచ్చే పన్ను తగ్గింపుతో (రిబేటు) అది పూర్తిగా పోతుంది. అదే ఈ రెండు పద్దులనూ మినహాయింపు లేకుండా పూర్తిగా కలిపేస్తే ఆదాయం 29,87,000 అవుతుంది, సెస్సుతో కలిపి పన్ను 4,95,144. ఈ లెక్క తెలియకపోతే ఒక మనిషి పోగొట్టుకోగలిగినది దాదాపు ఐదు లక్షలు. వచ్చిన సొమ్మును వెంటనే డిపాజిట్ చేసేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. మార్చిలోగా దానిపై వచ్చే వడ్డీ 88,000 దాటితే ఆదాయం 12 లక్షలు దాటుతుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. మా దగ్గరి బంధువు ఒకరు 2023 ఆగస్టులో ఒక ప్రైవేటు సంస్థ నుంచి విరమణ చేశారు. ఆ సంస్థ అకౌంట్స్ విభాగం సెలవుల సొమ్ముకు పాత 3 లక్షల పరిమితినే పెట్టి, మిగతా దాని మీద టీడీఎస్ (చెల్లించే ముందే మినహాయించే పన్ను) కోసేసింది. కార్యాలయం వేసిన లెక్కలో తప్పు ఎందుకుంటుందని ఆయన ఊరుకోబోయారు. ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే పత్రం) తెప్పించి, పైన చూపినట్టే నాలుగు అంకెలూ కాగితం మీద కట్టి చూశాం, ఆయనకు దక్కవలసిన మినహాయింపు 3 లక్షలకు రెట్టింపు కన్నా ఎక్కువ తేలింది. రిటర్నులో సరైన అంకె చూపించి అదనంగా కోసిన పన్ను వాపసు తెచ్చుకున్నారు. యజమాని పన్ను ఎక్కువ కోసినంత మాత్రాన మీ హక్కు పోదు, రిటర్ను దాఖలు చేసేటప్పుడు మినహాయింపు అడగవచ్చు.

రిటర్నులో రాసే పద్ధతి సులువే. పన్ను పడే భాగాన్ని మాత్రమే కాక, వచ్చిన మొత్తాన్ని పూర్తిగా స్థూల జీతంలో చూపాలి. తరువాత సెక్షన్ 10 మినహాయింపుల దగ్గర గ్రాట్యుటీకి, సెలవుల సొమ్ముకు వేర్వేరు వరుసలు ఎంచుకుని 13,05,000, 5,70,000 నింపాలి. చేరిన తేదీ, చివరి పది నెలల జీతపు చీట్లు, సెలవుల ఖాతా నకలు దగ్గర ఉంచుకోండి. సెలవుల ఖాతా నకలును విరమణకు ముందే అడిగి తీసుకోవడం మంచిది, బయటికొచ్చాక అది దొరకడం కష్టం.

వచ్చే పాఠం పింఛను కమ్యుటేషన్ గురించి, అంటే పింఛనులో కొంత భాగాన్ని ఒకేసారి మొత్తంగా తీసుకోవడం గురించి. ఈలోగా ఈ అభ్యాసం చేయండి. ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి 1994 జులై 3న చేరి, 2026 జనవరి 31న పదవీ విరమణ చేశారు. చివరి పది నెలల సగటు జీతం 1,10,000. సంస్థ ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు ఇచ్చింది. ఆయన వాడుకున్నవి 540 రోజులు, ఉద్యోగంలో ఉండగా అమ్ముకున్నవి 105 రోజులు. విరమణ రోజున సెలవులకు 11,40,000 ఇచ్చారు. అంతకు ముందు చేసిన ఉద్యోగం వదిలినప్పుడు సెలవుల సొమ్ముపై 40,000 మినహాయింపు పొంది ఉన్నారు. నాలుగు అంకెలూ విడివిడిగా రాసి, పన్ను పడే భాగం ఎంతో తేల్చండి.