పసిపిల్లల ముక్కులో, చెవిలో ఏదైనా ఇరుక్కున్నప్పుడు

ఏడాది నిండినప్పటి నుంచి ఐదారేళ్లు వచ్చేదాకా పిల్లలు చేతికందిన చిన్న వస్తువును ముక్కులోనో చెవిలోనో పెట్టుకోవడం తరచుగా జరిగేదే. చేటలో బాగుచేస్తున్న శనగలు, వామనగుంటలాటకు తీసిన చింతగింజలు, దండ తెగి రాలిన పూసలు, పెన్సిలు రబ్బరు ముక్కలు, థర్మాకోల్ ఉండలు, చెవికమ్మల శీలలు ఇందుకు సరిపోతాయి. వీటిలో చాలావాటిని ఈఎన్‌టీ డాక్టరు కొద్ది నిమిషాల్లో తీసివేయగలరు. అయితే ఇంట్లో పెద్దలు కంగారుపడి పిన్నీసుతోనో పుల్లతోనో కెలికితే, సులువుగా రావలసినది లోతుకు జారి, నెత్తురు వచ్చి, బెదిరిపోయిన బిడ్డ డాక్టరును సైతం దగ్గరకు రానివ్వకుండా పోతుంది. అందువల్ల ముందు చేయి పెట్టకుండా ఆగి, బిడ్డను కోప్పడకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుని, లోపల ఉన్నదేమిటో తెలుసుకోవాలి. ఎంత తొందరపడాలో నిర్ణయించేది ఆ వస్తువే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బటన్ బ్యాటరీ. ఆట గడియారాలు, తిరనాళ్లలో అమ్మే మెరుపు లైట్ల బొమ్మలు, తాతగారి వినికిడి యంత్రం వంటివాటిలో ముక్కులో సులువుగా పట్టేంత చిన్న బ్యాటరీలు ఉంటాయి. ఇది ముక్కు లోపలి తడి పొరకు ఆనగానే విద్యుత్తు ప్రవహించి, ఘాటైన క్షారం తయారై, చుట్టూ ఉన్న కండను కాల్చివేస్తుంది. బ్యాటరీ కారనవసరం లేదు, అయిపోయిందని పక్కన పడేసినదైనా సరే ఈ పని చేయగలదు. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. ఆలస్యమైతే రెండు ముక్కు రంధ్రాల మధ్యనున్న గోడకే చిల్లు పడుతుంది. కాబట్టి అర్ధరాత్రి అయినా తెల్లవారేదాకా ఆగకుండా, ఈఎన్‌టీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. ముక్కులో గానీ చెవిలో గానీ నీళ్లు, నూనె, చుక్కల మందు వేయకూడదు, ఎందుకంటే తడి పెరిగితే హాని కూడా పెరుగుతుంది. ఏం పెట్టుకున్నదీ తెలియక, ఇంట్లో ఒక బొమ్మలోని బ్యాటరీ కనిపించడం లేదంటే, ఉన్నది బ్యాటరీయే అనుకుని బయలుదేరండి. ఎక్స్‌రేలో విషయం తేలుతుంది. ఒక్కో ముక్కు రంధ్రంలో ఒక్కో అయస్కాంతపు ముక్క పెట్టుకున్నప్పుడు కూడా ఇంతే తొందర అవసరం, అవి ఒకదాన్నొకటి లాక్కుంటూ మధ్య గోడను నొక్కివేస్తాయి.

బ్యాటరీ, అయస్కాంతం, మొనదేలిన వస్తువు కాదని తెలిసి, బిడ్డ మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటే, ముక్కులో ఉన్నదాన్ని బయటికి రప్పించడానికి ఇంట్లో ఒక ప్రయత్నం చేయవచ్చు. చీదడం వచ్చిన బిడ్డయితే ఖాళీగా ఉన్న వైపు మూసి, నోటితో గాలి పీల్చుకుని, రెండో వైపు నుంచి చీదమనాలి. అది చేతకాని పసివాళ్ల కోసం ‘తల్లి ముద్దు’ అనే పద్ధతి ఉంది. 1965లో అమెరికాలోని ఒక వైద్యుడు దీన్ని వివరించగా, తరువాత జరిగిన పరిశీలనల్లో సుమారు 60 శాతం సందర్భాల్లో పనిచేసినట్లు తేలింది. పెద్ద ముద్దు పెడతానని బిడ్డకు ముందే చెప్పి, తల్లి తన నోటిని బిడ్డ తెరిచిన నోటిపై గాలి పోకుండా ఆనించి, ఖాళీగా ఉన్న ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, మెల్లగా ఊదడం మొదలుపెట్టి, లోపల అడ్డు తగిలినట్లు అనిపించగానే ఒక్కసారి చిన్నగా, చురుకుగా ఊదాలి. బిడ్డ గొంతు మూసుకున్న ఆ క్షణంలో గాలి ముక్కు వెనుక నుంచి ముందుకు వచ్చి వస్తువును నెడుతుంది. ఒకటి రెండు సార్లకు రాకపోతే మానేసి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఏడ్చి గింజుకుంటున్న బిడ్డను బలవంతంగా పట్టుకుని ఇది చేయకూడదు.

తుమ్మితే వస్తుందని ముక్కుపొడుమో మిరియాల పొడో చూపించడం చాలా ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట. దయచేసి ఆ పని చేయకండి. తుమ్ముకు ముందు బిడ్డ గట్టిగా గాలి లోపలికి పీలుస్తుంది, దానితోపాటు గింజ వెనక్కి జారి శ్వాసనాళంలో పడే ప్రమాదం ఉంది. గుండ్రటి, నున్నటి పూసను పట్టకారుతో పట్టబోయినా అది జారి ఇంకా లోపలికే పోతుంది. హఠాత్తుగా దగ్గు తెరలు, పిల్లికూతలు, ఊపిరాడకపోవడం, పెదవులు నీలబడటం కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి.

చెవి విషయంలో ఇంటి వైద్యానికి అవకాశం ఇంకా తక్కువ. ఆ వైపు తలను కిందికి వంచి, చెవి డిప్పను మృదువుగా కదిలిస్తే వదులుగా ఉన్నది రాలిపడవచ్చు. అంతకు మించి ఏమీ చేయవద్దు. చెవిలో నీళ్లు పోస్తే శనగ, బఠాణీ వంటి గింజలు ఉబ్బి బిగుసుకుపోతాయి. బతికున్న పురుగు దూరి బిడ్డ అల్లాడిపోతుంటే మాత్రం, చెవి కారడం, కర్ణభేరికి చిల్లు వంటి సమస్యలు లేవని తెలిసినప్పుడు, కొద్దిగా గోరువెచ్చని కొబ్బరినూనె చుక్కలు వేస్తే అది చచ్చి బాధ తగ్గుతుంది. చచ్చిన పురుగును డాక్టరు తీస్తారు.

చాలాసార్లు బిడ్డ ఏమీ చెప్పదు. జలుబు సాధారణంగా రెండు వైపులా కారుతుంది. ఒక్క వైపు నుంచే చీము లాంటిదో నెత్తుటి చారలున్నదో కారుతూ దుర్వాసన వస్తుంటే, లోపల ఏదో ఉందని అనుమానించి చూపించాలి. వస్తువు లోపలే ఉండగా యాంటీబయాటిక్స్ వాడితే కొన్నాళ్లు తగ్గినట్లుండి మళ్లీ మొదలవుతుంది. చెవిలో ఉంటే బిడ్డ ఆ చెవిని లాక్కుంటూ ఉండవచ్చు, పిలిస్తే సరిగా పలకకపోవచ్చు, కొందరిలో పొడి దగ్గు కూడా వస్తుంది.

ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు అలాంటిదే మరో పూస గానీ గింజ గానీ ఉంటే వెంట తీసుకువెళ్లండి, ఏ పరికరం వాడాలో డాక్టరు నిర్ణయించుకోవడానికి అది పనికొస్తుంది. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక దారిలో పాలు, బిస్కెట్లు పెట్టకండి, చివరిసారి ఎప్పుడు తిన్నదో గుర్తుంచుకుని చెప్పండి. ఇంటి దగ్గర ఏమేం ప్రయత్నించారో దాచకుండా చెప్పండి. ఒకటి తీయగానే లేచి రాకుండా, రెండో ముక్కు రంధ్రాన్నీ రెండు చెవులనూ కూడా చూడమని అడగండి, ఎందుకంటే ఒకటి పెట్టుకున్న బిడ్డ మరొకటి కూడా పెట్టుకుని ఉండవచ్చు. తీసిన తరువాత కొద్దిగా నెత్తుటి చార కనిపించడం మామూలే. నెత్తురు ఆగకుండా వస్తున్నా, కొన్ని రోజుల తరువాత కూడా అదే వైపు దుర్వాసనతో కారుతున్నా మళ్లీ చూపించాలి. బ్యాటరీ తీయించినట్లయితే, అంతా బాగానే ఉన్నట్లు కనిపించినా డాక్టరు రమ్మన్న రోజున తప్పక వెళ్లాలి, ఎందుకంటే కాలిన గాయం ఎంత లోతుగా ఉందో తీసిన తరువాత కొన్ని రోజులకు గానీ పూర్తిగా తెలియదు.